ఇంట్లో ముఖానికి పీల్

ముఖచర్మానికి అంటిపెట్టుకుని ఉన్న మృతకణాలను పలచని ఆమ్లంతో గానీ ఎంజైముతో గానీ వదులు చేసి, రాలిపోయేలా చేసే పద్ధతి పీల్. దీనికి తెలుగులో స్థిరపడిన మాట లేదు. ‘తోలు ఒలవడం’ అంటే వినగానే ఒళ్లు జలదరిస్తుంది. ‘నలుగు’ అంటే అది చేత్తో రుద్దే పని. అందుకని మందుల షాపులోనూ, బ్యూటీ పార్లర్లోనూ, చర్మవైద్యుల దగ్గరా పీల్ అనే అంటున్నారు. మూడు చోట్లా మాట ఒకటే గానీ పని వేరు. వైద్యులు చేసే గాఢమైన పీల్ అంతశ్చర్మం దాకా దిగుతుంది, వారం పది రోజులు ముఖం పొట్టు లేస్తుంది. పీల్-ఆఫ్ మాస్క్ పేరుతో పట్టించి, ఆరాక ఊడదీసేది ఒట్టి పలచని పాలిమర్ పొర. కాస్త నూగునూ, ముక్కు మీది నల్ల మొనలు కొన్నింటినీ పీకడం తప్ప దానికి ఆమ్లాలతో పనిలేదు.

ఈ వ్యాసం ఇంట్లో వారానికో, పదిహేను రోజులకో రాసుకుని కొద్ది నిమిషాల్లో కడిగేసుకునే మృదువైన పీల్ గురించి. ఇది మృతకణాల పొరను దాటి కిందికి పోదు. సరిగ్గా చేసుకుంటే మర్నాడు ముఖం ఎర్రబడదు, పొట్టు లేవదు, చేసుకున్నట్టు పక్కవాళ్లకు తెలియదు కూడా. అయితే మృదుత్వం అనేది ఆ పదార్థం చెట్టు నుంచి వచ్చిందా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి రాదు. గాఢత ఎంత, పులుపు ఎంత, ముఖం మీద ఉంచింది ఎంతసేపు అన్న మూడింటిని బట్టి వస్తుంది. నిమ్మచెక్క కంటే ఎంతో మెత్తగా పనిచేసే ఫ్యాక్టరీ సీసాలు ఉన్నాయి.

రాలే పొర

చర్మం తనంతట తానే రాలుతూ ఉంటుంది. బాహ్యచర్మం అడుగున పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతూ చదునవుతుంది, కేంద్రకం పోగొట్టుకుంటుంది, కెరటిన్ నిండిన పెంకులా మారి చివరకు ఊడిపోతుంది. పడుచు వయసులో ఈ ప్రయాణానికి సుమారు 4 వారాలు పడుతుంది, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. పైన పేరుకున్న ఈ పెంకుల పొర పేరు స్ట్రాటమ్ కార్నియం. అరచేతుల్లో, అరికాళ్లలో మందంగా ఉండే ఈ పొర ముఖం మీద మాత్రం మిల్లీమీటరులో నూరో వంతు, మహా అయితే అందుకు రెట్టింపు. పీల్ ఆటంతా ఆ కాస్త మందంలోనే.

చర్మశాస్త్రంలో ఈ పొరను ఇటుక గోడతో పోల్చడం వాడుక. కణాలు ఇటుకలు. వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన జిడ్డు సున్నంలా ఉంటుంది. ఇవి చాలక కణాన్ని కణానికి పట్టి ఉంచే ప్రొటీన్ గుండీలు కూడా ఉన్నాయి. చర్మంలోనే ఉండే కొన్ని ఎంజైములు ఆ గుండీలను వరసగా తెంపుతూ పోతే పై కణాలు ఒక్కొక్కటే కంటికి కనబడకుండా రాలిపోతాయి. ఆ ఎంజైములు పనిచేయాలంటే తడి కావాలి. తడి తగ్గితే గుండీలు తెగవు, కణాలు గుంపులు గుంపులుగా అంటుకుని ఉండిపోతాయి. చలికాలంలో గోటితో గీస్తే తెల్లగీత పడేది, ముఖం మసకబారినట్టు అనిపించేది అందుకే. ఇక్కడే పెద్దగా ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది: మామూలు మాయిశ్చరైజరు కూడా, తడి నిలిపి, ఈ రాలే పనికి సాయం చేస్తుంది. పీల్ కొనబోయే చాలామందికి నిజానికి కావలసింది అదే.

మృతకణం కదా అని చెత్త కింద లెక్కగట్టడం పొరపాటు. ఒంట్లో నీరు బయటికి, బయటి క్రిమి లోపలికి పోకుండా ఆపేది ఆ చచ్చిన గోడే. దాని పైవరస ఇటుకలు నాలుగు తీయడమే మృదువైన పీల్ పని. గోడ పగలగొట్టడం కాదు.

సున్నిపిండి నుంచి సీసా దాకా

చర్మాన్ని రుద్ది నునుపు చేసుకోవడం చాలా నాగరికతల్లో ఉంది. క్రీ.పూ. 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్యగ్రంథం ఎబర్స్ పపైరస్‌లో చర్మం నునుపెక్కడానికి పాలరాతి పొడి, నాట్రాన్ ఉప్పు, తేనె కలిపిన పూత ఉంది. పుల్లటి పాలతో క్లియోపాత్రా స్నానం చేసేదన్నది చరిత్ర కంటే కథకే దగ్గర. మన దగ్గర ఆయుర్వేదం పొడులతో ఒళ్లు రుద్దడాన్ని ఉద్వర్తనం అంది. తెలుగు ఇళ్లలో అది నలుగు. భోగినాడు, దీపావళినాడు, పెళ్లికి ముందు పెళ్లికూతురికీ పెళ్లికొడుకుకీ నూనె పట్టించి సున్నిపిండితో నలుగు పెట్టడం ఇప్పటికీ ఉంది. దానికి పాటలు కూడా ఉన్నాయి. పెసరపిండి, శనగపిండి, కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు ఇంటింటికీ తమ తమ పాళ్లలో కలుపుతారు. పిండి జిడ్డును పీలుస్తుంది, దాని గరుకు మృతకణాలను ఊడ్చేస్తుంది, ముందు పట్టించిన నూనె ఆ రాపిడిని మెత్తబరుస్తుంది. ఇందులో ఆమ్లం లేదు, అంతా యాంత్రికమే. బీరకాయ పీచు కూడా ఆ జాతిదే, కాకపోతే దాన్ని వీపుకే వదిలేయడం మంచిది.

రసాయనంతో రాల్చే దారి వేరు. స్వీడన్‌లో మందుల దుకాణం నడిపిన రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే 1780లో పులిసిన పాల నుంచి లాక్టిక్ ఆమ్లాన్నీ, 1784లో నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లాన్నీ, 1785లో యాపిల్ నుంచి మాలిక్ ఆమ్లాన్నీ వేరుచేశాడు. నేటి పీల్ సీసాల మీద కనిపించే పేర్లలో మూడు ఆయన చేతి మీదుగా వచ్చినవే. చేదు బాదం నుంచి మాండెలిక్ ఆమ్లం 1831లో, విల్లో చెట్టు బెరడులోని సాలిసిన్ నుంచి సాలిసిలిక్ ఆమ్లం 1838లో వచ్చాయి. జర్మన్ చర్మవైద్యుడు పాల్ గెర్సన్ ఉన్నా 1882లో సాలిసిలిక్ ఆమ్లం, రిసార్సినాల్, ఫినాల్, ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం చర్మం మీద చూపే ప్రభావాన్ని వివరించాడు. వైద్యుల పీల్‌కు పునాది అదే.

ఇంటి పీల్‌కు పునాది పడింది మాత్రం అందం కోసం కాదు. చేప పొలుసుల్లా చర్మం లేచిపోయే ఇక్థియోసిస్ అనే జన్యువ్యాధికి మందు వెతుకుతూ, ఫిలడెల్ఫియాలో యూజీన్ వాన్ స్కాట్, రుయి యూ అనే ఇద్దరు పండ్లలో, పాలలో ఉండే ఆమ్లాలను పరీక్షించారు. గ్లైకాలిక్, లాక్టిక్, మాలిక్ వంటి ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాలు ఆ పొలుసులను వదులు చేస్తున్నాయని 1974లో ప్రకటించారు. ఆ మందే పలచనై, వాసన అద్దుకుని, 1990ల నాటికి సౌందర్య సాధనాల అలమరాలకు ఎక్కింది.

ఆమ్లాల స్వభావం

గ్లైకాలిక్ ఆమ్లం వీటన్నిటిలోకీ చిన్న అణువు, అణుభారం 76. చిన్నది కాబట్టి వేగంగా దిగుతుంది, అంతే వేగంగా మండిస్తుంది. చెరకులో సహజంగా ఉంటుందని సీసా మీద చెరకుగడ బొమ్మ వేస్తారు గానీ లోపలి ఆమ్లం చాలావరకు కర్మాగారంలో తయారైనదే. దానివల్ల నష్టమేమీ లేదు, బొమ్మను చూసి మోసపోకూడదంతే. చెరకురసం ముఖానికి పూసుకుంటే మిగిలేది జిగురే.

లాక్టిక్ ఆమ్లం అణుభారం 90. గ్లైకాలిక్ కంటే నిదానం, పైగా దానికి చర్మంలో తడిని పట్టి ఉంచే గుణం ఉంది. పొడిచర్మానికీ, మొదటిసారి ప్రయత్నించేవారికీ ఇది మంచి ఎంపిక. మాండెలిక్ ఆమ్లం అణుభారం 152. పెద్దది, బద్ధకస్తురాలు. ముదురు మచ్చలు సులువుగా పడే గోధుమ, చామనఛాయ, నలుపు చర్మాలకు ఆ బద్ధకమే మేలు. గ్లూకోనోలాక్టోన్ లాంటి పాలీ హైడ్రాక్సీ ఆమ్లాలు ఇంకా పెద్దవి, ఇంకా మెత్తనివి. త్వరగా ఎర్రబడే ముఖాలకు వాటిని సూచిస్తారు.

సాలిసిలిక్ ఆమ్లం దారి వేరు. పైవన్నీ నీటిలో కరిగితే ఇది నీటిలో అంతంతమాత్రంగా కరిగి, నూనెలో కలిసిపోతుంది. అందుకే జిడ్డు నిండిన రోమకూపంలోకి దిగి, అక్కడి పూడికను వదులు చేయగలదు. నల్ల మొనలు, తెల్ల మొనలు, చిన్న మొటిమలు ఉన్న జిడ్డు ముఖానికి దీన్ని ఎంచుకుంటారు. ఇంటి వాడకంలో సాధారణంగా 2 శాతానికి మించదు. ఆస్పిరిన్ దీని దగ్గరి చుట్టం. ఆస్పిరిన్ పడనివారు దీని జోలికి పోకూడదు. రోమకూపాలు ‘తెరుచుకోవడం’, ‘మూసుకోవడం’ అన్న మాటలు ప్రకటనల్లోనివి. వాటికి తలుపులు లేవు. లోపలి పూడిక పోతే చిన్నగా కనిపిస్తాయి, అంతే.

పపైన్, బ్రోమెలైన్ అనే ఎంజైములు బొప్పాయి, అనాస నుంచి వచ్చేవి. పొడి రూపంలో అమ్మే ఎంజైమ్ పీల్‌ను వాడే ముందే తడి చేయాలి, తడిసి నిల్వ ఉంటే శక్తి పోతుంది.

ఇవి కాక మరో రకం జెల్ ఉంది. తడి ముఖానికి రాసి రుద్దగానే తెల్లటి నలుసులు ఉండలు ఉండలుగా రాలతాయి. చూసినవాళ్లు ‘అమ్మో, ఎంత మురికో’ అనుకుంటారు. ఆ ఉండల్లో ఎక్కువ భాగం జెల్‌లోని చిక్కదనమిచ్చే పాలిమర్, దానితో ప్రతిచర్య జరిపే కండిషనరు కలిసి కట్టిన ముద్దలే. గాజు పళ్లెం మీద రుద్దినా అలాగే రాలతాయి. జెల్ కాస్త రాపిడి చేస్తుంది, పెద్ద హాని లేదు, కానీ ఆ రాలినదంతా చర్మం కాదు.

సీసా మీద అంకె చెప్పనిది

కొనేవారు చూసేది శాతం. 5 కంటే 10 మంచిది, 10 కంటే 30 ఇంకా మంచిది అనిపించడం సహజం. కానీ ఆమ్లం పని చేసేది తన స్వేచ్ఛా రూపంలో ఉన్నప్పుడే. ఎంత భాగం స్వేచ్ఛగా ఉందో నిర్ణయించేది పీహెచ్ అనే పులుపు కొలత. గ్లైకాలిక్ ఆమ్లం పీహెచ్ సుమారు 3.8 దగ్గర సగం స్వేచ్ఛగా, సగం లవణంగా ఉంటుంది. పీహెచ్ 4.8కి పెరిగితే స్వేచ్ఛా భాగం పదో వంతుకు పడిపోతుంది. 2.8కి దిగితే పదింట తొమ్మిది వంతులు. అంటే పీహెచ్ 4.8 ఉన్న 10 శాతం సీసా కంటే పీహెచ్ 3.8 ఉన్న 5 శాతం సీసాకు రెట్టింపు పైగా బలం. అందుకని పీహెచ్ ముద్రించని సీసా మీది శాతం సగం వార్తే.

అమెరికాలో సౌందర్య సాధనాల్లోని పదార్థాలను సమీక్షించే నిపుణుల సంఘం 1998లో గ్లైకాలిక్, లాక్టిక్ ఆమ్లాలకు ఒక గీత గీసింది. ఇంట్లో వాడేవాటిలో ఆమ్లం 10 శాతం దాటకూడదు, పీహెచ్ 3.5 కంటే తగ్గకూడదు, ఎండకు చర్మం కందిపోకుండా జాగ్రత్త ఉండాలి. శిక్షణ పొందినవారు పార్లర్లో కొద్దిసేపు వాడి కడిగేసేవాటికి 30 శాతం దాకా, పీహెచ్ 3 దాకా వెసులుబాటు. కొత్తవారికి ఈ గీత ఇప్పటికీ పనికొచ్చే కొలత.

ఆన్‌లైన్‌లో దొరికే 50, 70 శాతం గ్లైకాలిక్ ద్రావణాలు, ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం సీసాలు ఇంటి వాడకానికి కావు. ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం తగిలిన చోట ప్రొటీన్ గడ్డకట్టి చర్మం తెల్లబడుతుంది. ఒక్కో పూతకూ లోతు పెరుగుతుంది. తర్వాత నీళ్లు పోసినా జరిగింది వెనక్కి రాదు. ఇలాంటి గాఢ పీల్‌లను వైద్యుల పర్యవేక్షణ లేకుండా కొనవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024 జులైలో ప్రజలను హెచ్చరించింది. వైద్యుల గదిలో అవే సురక్షితం కావడానికి కారణం సీసా కాదు. తెల్లబడే క్షణాన్ని కనిపెట్టి ఆపడం తెలిసిన కన్ను.

వంటింటి పీల్

పెరుగు నుంచి మొదలుపెడితే, అందులో లాక్టిక్ ఆమ్లం ఇంచుమించు 1 శాతం, పీహెచ్ 4 పైన. స్వేచ్ఛా ఆమ్లం లెక్కలో అది చాలా తక్కువ. కాబట్టి పెరుగు పూత వల్ల ముఖం మెత్తబడుతుంది, చల్లగా హాయిగా ఉంటుంది, పీల్ మాత్రం జరిగిందని చెప్పలేం. నష్టం లేని పని, ఇష్టమైతే చేసుకోవచ్చు.

నిమ్మరసం అలా కాదు. 5 శాతం పైగా సిట్రిక్ ఆమ్లం, పీహెచ్ 2 నుంచి 2.5. పైన చెప్పిన 3.5 గీతకు చాలా కింద. ఒక కాయకూ మరో కాయకూ పులుపు మారుతుంది, కొలత ఉండదు. ఇంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి: నిమ్మజాతి తొక్కల్లో, రసంలో ఫ్యూరోకూమరిన్లు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ పడితే బొబ్బలు లేచి, మానాక ఆ చోట నెలల తరబడి ముదురు మచ్చ మిగులుతుంది. రసం కారిన చారల ఆకారంలోనే ఆ మచ్చ పడటం చూసి వైద్యులు గుర్తుపడతారు. చింతపండు గుజ్జులో టార్టారిక్ ఆమ్లం ఉంది, అదీ ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లమే. ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే మెరుస్తుంది కదా అని ముఖాన్నీ అలాగే తోమమనే చిట్కాలు వస్తుంటాయి. ముఖం బిందె కాదు.

వంటసోడా దీనికి ఎదురు కొస. పీహెచ్ 8 దాటుతుంది. కాస్త ఆమ్లంగా, 4.5 నుంచి 5.5 మధ్య ఉండే చర్మపు సహజ స్థితిని అది తలకిందులు చేస్తుంది. నిమ్మరసంలో సోడా కలిపి నురగ వస్తుండగా రాసుకునే పద్ధతి చూడటానికి సరదాగానే ఉంటుంది, కానీ ఆ నురగలో ఒకదాన్నొకటి చంపుకున్న రెండు పదార్థాలు తప్ప మరేమీ లేదు.

పచ్చి బొప్పాయి ముక్క వేస్తే ముదురు మాంసం త్వరగా ఉడుకుతుందని మన వంటింటికి ఎప్పటినుంచో తెలుసు. ప్రొటీన్‌ను కోసే ఆ పపైనే చర్మం మీదా పనిచేస్తుంది. పచ్చికాయ పాలలో అది గాఢంగా ఉంటుంది, కొందరికి తీవ్రమైన అలర్జీ కూడా తెస్తుంది. అనుమతి లేకుండా అమ్ముడవుతున్న పపైన్ పూత మందులను అలర్జీ ఫిర్యాదుల తర్వాత 2008లో అమెరికా మార్కెట్ నుంచి తప్పించారు. పండిన బొప్పాయి గుజ్జు అంత ప్రమాదం కాదు, అంత ప్రయోజనమూ కాదు.

ఇక బావంచాలు. సున్నిపిండిలో వాసనకూ, చర్మానికి మంచిదనీ వేసే ఈ గింజల్లో సోరాలెన్ ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు చర్మాన్ని సున్నితం చేసే పదార్థం అది. తెల్లమచ్చల చికిత్సలో దీన్ని వాడేది ఆ గుణం కోసమే. నలుగు పెట్టి వెంటనే తలంటు పోసి కడిగేసే ఆచారంలో అది చర్మం మీద ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఇబ్బంది కనబడలేదేమో. పీల్ చేసిన మర్నాడు మాత్రం బావంచాల పిండి పూసుకుని ఎండలోకి వెళ్లడం మంచిది కాదు.

చేసుకునే తీరు

మొదటి పని ముఖం మీద కాదు, చెవి వెనకో మోచేతి లోపలివైపో చిన్న చుక్కతో పరీక్ష. 24 నుంచి 48 గంటలు చూడాలి. దద్దురు, దురద, వాపు లేకపోతేనే ముఖం.

రాత్రి పూట ఎంచుకోవాలి. ఆ రోజు త్రెడ్డింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్, గడ్డం గీసుకోవడం ఏవీ చేసి ఉండకూడదు. బ్లీచ్, వ్యాక్సింగ్ అయితే వారం ఎడం మేలు. నురగ ఎక్కువ రాని సబ్బుతోనో క్లెన్సర్‌తోనో కడుక్కుని, ముఖం పూర్తిగా ఆరనివ్వాలి. చాలామంది తప్పిపోయేది ఇక్కడే. తడి చర్మంలోకి ఆమ్లం ఎక్కువ దిగుతుంది. తువ్వాలుతో అద్దుకున్నాక మరో పది నిమిషాలు ఆగితే మంచిది. పెదవుల అంచులకు, ముక్కు పక్క మడతలకు, కంటి మూలలకు పెట్రోలియం జెల్లీ పలచగా రాసుకోవాలి. ఆమ్లం గుమిగూడి కాల్చేది ఆ మడతల్లోనే.

లాక్టిక్ 5 శాతమో మాండెలిక్ 5, 10 శాతమో మొదటి సీసాగా సరిపోతుంది. నుదుటి నుంచి మొదలుపెట్టి బుగ్గలు, గడ్డం మీద ఒక పలుచని పూత రాయాలి. కనురెప్పల మీద, మెడ మీద వద్దు. ఫోనులో టైమర్ పెట్టుకోవాలి. మొదటిసారి 2 నిమిషాలు చాలు, సీసా మీద 10 నిమిషాలని రాసి ఉన్నా సరే. వేళ్లతో రుద్దడం, పైన రెండో పూత వేయడం వద్దు. సన్నగా చురచురలాడటం మామూలే. అది మంటగా మారితే, ఒకే చోట ఎర్రగా లేదా బూడిద తెలుపుగా కనిపిస్తే, టైమర్ మోగేదాకా ఆగకుండా కడిగేయాలి. చల్లటి నీళ్లు ధారాళంగా పోయాలి, వేడినీళ్లు పనికిరావు. వైద్యులు వాడే గాఢ పీల్‌కు ప్రత్యేక తటస్థీకరణ ద్రావణం ఉంటుంది. ఇంటి గాఢతకు నీళ్లే చాలు.

కడిగాక వాసన లేని మామూలు మాయిశ్చరైజర్. ఆ రాత్రీ, మరో రెండు రాత్రులూ రెటినాల్, విటమిన్ సి సీరం, స్క్రబ్, మరో ఆమ్లపు టోనర్ ఏదీ రాయకూడదు. రెండో ప్రయత్నం రెండు వారాల తర్వాత. ఏ ఇబ్బందీ లేకపోతే వ్యవధిని నిమిషం చొప్పున పెంచవచ్చు, ఎడాన్ని వారానికి తగ్గించవచ్చు. రెండూ ఒకేసారి చేయకూడదు. శాతం పెంచాలనుకుంటే అది మూడో సీసా సంగతి.

ఎండ, రంగు

గాఢత, సమయం కుదిరినా మర్నాటి ఎండ పాడుచేయగలదు. 10 శాతం గ్లైకాలిక్ ఆమ్లాన్ని 4 వారాలు రాసుకున్నవారి చర్మం అతినీలలోహిత కిరణాలకు 18 శాతం ఎక్కువగా కందిందనీ, మానేసిన వారానికి మామూలుకు వచ్చిందనీ అమెరికా ఆహార, ఔషధ సంస్థ చేయించిన పరిశోధనలో తేలింది. ఆ తర్వాతే 2005లో ఆ సంస్థ ఇలాంటి ఉత్పత్తుల మీద ఎండ హెచ్చరిక ముద్రించాలని సూచించింది. వాడుతున్నన్నాళ్లూ, మానేశాక ఒక వారమూ ఎండ నుంచి కాచుకోవాలన్నది దాని సారాంశం.

చర్మం రంగును బట్టి ఆరు రకాలుగా విడదీసే కొలమానం థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ వైద్యుడిది. 1975లో ఆయన దాన్ని తయారుచేసింది సోరాలెన్ ఇచ్చి అతినీలలోహిత కాంతి పెట్టే చికిత్సలో ఎవరికి ఎంత మోతాదు అన్నది తేల్చడానికి. మన బావంచాల్లోని సోరాలెన్ జాతిదే అది. మొదట తెల్లచర్మాలకే నాలుగు రకాలు ఉండేవి, గోధుమ, నలుపు చర్మాలకు ఐదు, ఆరు తర్వాత చేరాయి. దక్షిణ భారతీయులు ఎక్కువగా నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. ఈ చర్మం ఎండకు త్వరగా కాలిపోదు గానీ, ఏ చిన్న మంట, గాయం, మొటిమ వచ్చినా మానాక నల్లటి గుర్తు వదులుతుంది. రెచ్చిపోయిన రంగుకణాలు మెలనిన్‌ను ఎక్కువగా చేసి పెట్టడమే కారణం. యూరోపియన్ చర్మానికి రెండు రోజుల ఎరుపుతో పోయే పొరపాటు ఇక్కడ నెలల తరబడి మచ్చగా నిలుస్తుంది. మంట ఎక్కువైతే పని బాగా జరుగుతున్నట్టు అనుకోవడం మన చర్మం విషయంలో ఖరీదైన అపోహ. మచ్చ పోగొట్టుకోవడానికి మొదలుపెట్టిన పీల్ మచ్చ తేవడం చర్మవైద్యులకు నిత్యం ఎదురయ్యే విడ్డూరం.

కాబట్టి మర్నాటి నుంచి ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి. బుగ్గల మీద మంగు ఉన్నవారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ ఇంకా నయం, ఎందుకంటే మంగును కంటికి కనబడే వెలుతురు కూడా పెంచుతుంది. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు కళ్లు మాత్రమే కనిపించేలా చున్నీ చుట్టుకుంటారు. అది మంచి అలవాటే, కానీ పీల్ చేసిన మర్నాడు చెమటతో తడిసిన చున్నీ బుగ్గలకు రాసుకుంటూ ఉంటే మంట తప్పదు. మెత్తటి నూలుది, వదులుగా ఉన్నది చుట్టుకోవాలి. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె పోయేదాకా కొత్తగా మొదలుపెట్టకుండా కార్తీకం దాకా ఆగితే ఇంకా మంచిది.

ఎవరు ఆగాలి

మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవారు, ట్రెటినోయిన్ క్రీము రాస్తున్నవారు, నోటి పక్క జ్వరపుళ్లు తరచూ వచ్చేవారు, ఎగ్జిమా ఉన్నవారు, పుండో గీతో మానని ముఖం ఉన్నవారు తమ వైద్యుణ్ని అడగకుండా చేయకూడదు. జ్వరపుళ్ల వైరస్‌ను పీల్ మళ్లీ లేపగలదు. గర్భిణులు గాఢ సాలిసిలిక్ పీల్‌కు దూరంగా ఉండాలి.

మన దేశంలో మరో పెద్ద గుంపు ఉంది. రంగు రావాలని, మంగు పోవాలని మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము కొని నెలలూ ఏళ్లూ రాసినవారు. ఆ ముఖం పలచబడి, ఎండ తగిలితే ఎర్రబడి, క్రీము మానితే మండిపోతుంది. ఈ దుర్వినియోగం మీద చర్మవైద్యుల జాతీయ సంఘం ఏళ్ల తరబడి మొత్తుకున్నాక 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. అలాంటి ముఖానికి గోడే కూలి ఉంది. దాని మీద ఏ ఆమ్లమూ మృదువు కాదు.

ఇక ఎదిగే పిల్లలు. పన్నెండు, పదమూడేళ్ల చర్మం తన పని తాను చక్కగా చేసుకుంటుంది, దానికి పీల్ అవసరమే లేదు.

మోతాదు మించితే ముఖమే చెబుతుంది: నూనె రాసినట్టు అసహజమైన మెరుపు, నవ్వితే బిగుసుకుపోయినట్టు ఉండటం, మామూలు నీళ్లు తగిలినా చురుక్కుమనడం, ఎప్పుడూ పడే మాయిశ్చరైజరే మండటం. అప్పుడు ఆమ్లాలన్నీ పక్కనపెట్టి, మృదువైన క్లెన్సర్, సెరమైడ్లు ఉన్న క్రీము, రాత్రికి పలుచగా పెట్రోలియం జెల్లీ, పగలు సన్‌స్క్రీన్ అనే నాలుగింటితో కొన్ని వారాలు ఊరుకోవాలి. బొబ్బ, తెల్లటి మచ్చ, కంటికి తగలడం జరిగితే 20 నిమిషాలు ధారగా నీళ్లు పోసి వైద్యుని దగ్గరికి వెళ్లాలి. సోడా, పసుపు, టూత్‌పేస్టు ఏదీ పెట్టకూడదు.

ఎంత ఫలితం

ఎండకు పాడైన చర్మం మీద 8 శాతం గ్లైకాలిక్, 8 శాతం లాక్టిక్ క్రీములను 74 మంది స్త్రీలతో 22 వారాలు పరీక్షించిన అధ్యయనం 1996లో వెలువడింది. గ్లైకాలిక్ రాసుకున్నవారిలో 76 శాతం, లాక్టిక్ రాసుకున్నవారిలో 71 శాతం మందికి ముఖం ఒక మెట్టయినా మెరుగుపడింది. ఆమ్లం లేని ఒట్టి క్రీము రాసుకున్నవారిలోనూ 40 శాతం మందికి మెరుగుపడింది. ఈ మూడో అంకె ప్రకటనల్లో కనిపించదు. ఆమ్లం పనిచేస్తుంది, నిజమే. రోజూ క్రమం తప్పకుండా ఏదో ఒక మంచి క్రీము రాసుకోవడమూ చాలా పనిచేస్తుంది.

ఇంటి పీల్‌తో నునుపు, కాస్త వెలుగు, చిన్న మొనలు తగ్గడం, పైపై మచ్చలు పలచబడటం కొన్ని వారాల్లో కనిపిస్తాయి. మొటిమల గుంటలు పూడవు, లోతు ముడతలు పోవు, పుట్టుకతో వచ్చిన రంగు మారదు. లోతున ఉన్న మంగుకు ఇది చాలదు, దానికి వైద్యం వేరు.

సీసా మీద 6 లేదా 12 అని అంకె వేసిన చిన్న డబ్బా గుర్తు ఉంటుంది, తెరిచాక అన్ని నెలలు వాడవచ్చని. ఎండ తగలని చోట, మూత బిగించి పెట్టాలి. ముఖానికి పడని సీసాను పారేయనక్కర్లేదు. నల్లబడిన మోచేతులకు, మోకాళ్లకు, భుజాల మీద గరుకుగా పొడిచే చిన్న చిన్న గుల్లలకు, పగుళ్లు లేని మడమల మందపు తోలుకు అదే లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లం బాగా పనికొస్తుంది. 12 శాతం అమ్మోనియం లాక్టేట్ లోషన్‌ను వైద్యులు పొడిబారిన కాళ్లకూ, ఇక్థియోసిస్‌కూ ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు.